చివరెవరు?

"చివరెవరు?"

మందుల షాపు ముందుకొచ్చి లివాన్ అడిగాడు.

అక్కడ వరసంటూ ఏమీ లేదు. మతాన్సాస్ ఊరి ఎండకి జనం నీడ దొరికిన చోటల్లా చెదిరి కూర్చున్నారు. ఎవరి ముందు ఎవరున్నారో ఎవరికి వాళ్ళే గుర్తుపెట్టుకోవాలి.

మెట్ల మీది నుంచి ఒక బక్కపల్చటి మనిషి చెయ్యెత్తాడు.

"నేనే. నా ముందు... ఆ ఎర్ర గొడుగు ఆవిడ."

అంటే ఇక లివాన్ ఇతని వెనక.

ఇంట్లో కూతురు కరిదాద్ తెల్లారినప్పటి నుంచీ మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఊపిరి ఎగబీలుస్తోంది. నోట్లో కొట్టుకునే ఆయాసం మందు నిండుకుంది. ఊరు మొత్తానికి ఈ ఒక్క షాపులోనే ఇవాళ సరుకు దిగిందన్నారు.

"మందులిచ్చే కిటికీ ఎప్పుడు తెరుస్తారమ్మా?" అని గొడుగు ఆవిడని అడిగాడు.

"ఈ లైన్లో పుట్టిన పిల్లాడు పింఛను పుచ్చుకునే నాటికి," అంది ఎర్ర గొడుగు మిగ్దాలియా.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

లివాన్ నవ్వలేదు. మామూలు రోజుల్లోనే లైనంటే అతనికి ఒళ్ళు మండుతుంది.

బక్క మనిషి అతన్నే తేరిపార చూస్తున్నాడు.

"నువ్వు... నారింజ తోటల బడి... చివరోడివి కదూ?"

లివాన్ చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో.

హాస్టల్ బడి అది. పిల్లలు తోటలో కాయలు కోసి వచ్చాక మధ్యాహ్నం భోజనాలకి వరసలో నిలబడేవాళ్ళు. పెద్ద కుర్రాళ్ళు లివాన్ మెడ పట్టుకుని వెనక్కి లాగేవాళ్ళు. ఒకడు "చివరెవరు?" అని అరిస్తే మిగతావాళ్ళు అతన్ని చూపించి చప్పట్లు కొట్టేవాళ్ళు. అతని వంతు వచ్చేసరికి గిన్నె అడుగు గీకుతున్న చప్పుడే మిగిలేది. కొన్నాళ్ళకి లివాన్ అనే పేరే పోయింది. చివరోడు, అంతే.

ఆ ఆకలి నుంచి కాపాడింది వంట కరిదాదమ్మ. వంటింటి వెనక కిటికీలో రోజూ ఒక పళ్ళెం, దాని మీద బోర్లించిన మరో పళ్ళెం. లోపల అన్నం, నల్ల చిక్కుళ్ళు, ఒక్కోరోజు ఉడికిన చిలగడదుంప. ఆవిడ ఏనాడూ పైకి చెప్పలేదు. అతనూ అడగలేదు. కూతురు పుట్టినప్పుడు మాత్రం ఆవిడ పేరే పెట్టుకున్నాడు.

'చివరోడు' అన్న పేరు తెలిసినవాడంటే ఆ లాగినవాళ్ళలో ఒకడే అయుండాలి.

"ఎవడ్రా నువ్వు?"

"నిన్నొకటి... అడగాలని..." అతను ఆగి ఆగి మాట్లాడుతున్నాడు. మొహంలో నవ్వు.

"ఆ సాగదీతేంటి? అప్పుడు నవ్వింది చాల్లేదా?"

"అది కాదు... బళ్ళో... మధ్యాహ్నం పూట..."

"ఇంకొక్క మాటంటే పళ్ళు రాలతాయి."

మిగ్దాలియా గొడుగు పక్కకి వంచి చూసింది. "మనిషిని మాట్లాడనివ్వు, బాబూ."

"వీళ్ళ సంగతి మీకు తెలీదమ్మా."



కిటికీ తెరుచుకుంది. ఒక్కొక్కరే లేచి వెళ్తున్నారు. మిగ్దాలియా తన బీపీ మందు తీసుకుని పక్కకి జరిగింది.

"ఆయాసం మందు ఇంకొక్కటే ఉంది. తర్వాతెవరు?" అంది షాపు పిల్ల.

బక్క మనిషి గోడ పట్టుకుని లేచి, కిటికీ దాకా వెళ్ళి చెయ్యి చాపాడు.

లివాన్ అతని కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు.

"బళ్ళో నన్నెన్నిసార్లు లాగారు? ఇవాళ నువ్వెళ్ళు వెనక్కి."

"ఏంటయ్యా నీ దౌర్జన్యం? వంతు అతనిది," అన్నారెవరో.

"నా కూతురు ఊపిరాడక చచ్చిపోతోంది," అన్నాడు లివాన్.

బక్క మనిషి అతని కళ్ళలోకి చూశాడు. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఇతనికే... ఇచ్చెయ్యమ్మా."

మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ముందుకు వంగి కూర్చున్నాడు.

లివాన్ వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పరుగెత్తాడు.

కరిదాద్ కుదుటపడింది. కానీ అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా వెనక్కి తీసుకున్న ఆ చెయ్యే లివాన్ కళ్ళ ముందు మెదులుతోంది. పాత పగ పాత పగే. అయినా ఒక మంచి మాట చెప్పాలి కదా.

మళ్ళీ సరుకు దిగిన రోజు అందరికంటే ముందే వెళ్దామనుకున్నాడు. అప్పటికే జనం ఉన్నారు.

"చివరెవరు?"

మిగ్దాలియా చెయ్యెత్తింది. "పాపకెలా ఉంది?"

"బానే ఉందమ్మా. ఆ రోజు నా ముందున్నతను రాలేదా?"

"ఇంక రాడు, బాబూ. నువ్వటు వెళ్ళావు, ఇటు ఆ మెట్ల మీదే అతనికి ఊపిరందలేదు. ఆస్పత్రికి బండి దొరికేసరికి అంతా అయిపోయింది."

"అతనికీ ఆయాసమా?"

"మరి ఆ లైన్లో ఎందుకు కూర్చున్నాడనుకున్నావు, చల్లగాలికా?"

లివాన్ మెట్ల వైపు చూశాడు. అక్కడ ఇంకెవరో కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నారు.

"నీ మీద కోపమేం లేదతనికి," అంది మిగ్దాలియా. "నా చెయ్యి పట్టుకుని నీ గురించే చెప్పాడు. బళ్ళో నిన్ను వెనక్కి లాగేస్తుంటే ఎదురుచెప్పే ధైర్యం తనకి లేకపోయిందట. తన అన్నంలో సగం వంటింటి వెనక కిటికీలో పెట్టి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి పారిపోయేవాట్ట. అది నీ కడుపులోకే వెళ్ళిందో, పిల్లులు తినిపోయాయో ఇన్నేళ్ళూ తెలీలేదన్నాడు. ఆ రోజు అదే అడగబోయాట్ట నిన్ను."

ఆవిడ గొడుగు మూసి అతని మొహంలోకి చూసింది.

"ఇంతకీ తిన్నది నువ్వేనా, బాబూ?"