షెహాతా వద్దన్న కార్లు

“లోపలా బయటా ఫాబ్రికా. కంపెనీ వేసిన రంగు మీద ఇంతవరకు ఎవడూ చెయ్యి పెట్టలేదు,” అన్నాడు కార్ల దళారి బయూమీ, ఎర్ర కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి.

షెహాతా జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసి వెనక తలుపుకు ఆనించాడు. అది అంటుకోకుండా జారి అతని చేతిలోనే పడింది.

“కంపెనీవాళ్లు ఈమధ్య రేకు మానేసి లప్పంతో కార్లు చేస్తున్నారా?”

“ఏదో గీత పడితే పూసుంటారు, ఉస్తా. మనిషికి మాత్రం మచ్చలుండవా?”

“మనిషిని కొనడానికి రాలేదు నేను.”

పక్కనే నిలబడ్డ ఇన్సాఫ్ నవ్వింది. ఆమె లెక్కల టీచరు. పెద్దా చిన్నా అందరూ అబ్లా, అంటే టీచరమ్మా, అనే పిలుస్తారు. భర్త పోయి ఆరేళ్లు. ఈ ఏడు ఆమెను కాలువ అవతలి పల్లె బడికి వేశారు. రెండు మైక్రోబస్సులు మారాలి. కారు కొంటాను, చూసిపెట్టమని, అందరూ ఉస్తా అని పిలిచే మెకానిక్ షెహాతాను అడిగింది. టంటా పట్నం శివారులోని ఈ శుక్రవారం పాత కార్ల సంతలో మెకానిక్‌ను వెంటబెట్టుకోకుండా ఎవరూ కారు కొనరు.

ఇది పన్నెండో శుక్రవారం.

షెహాతా భార్య పోయి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో అతను ఒక్కరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. అమ్మేవాడు దొంగ, కొనేవాడు వెధవ, రంగేసేవాడు ఇద్దరినీ ముంచేవాడు. లోకం గురించి అతనికి తెలిసింది అంతే. మొదటి మూడు కార్లనూ న్యాయంగానే వద్దన్నాడు. ఒకదానికి ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్ల నురగ, ఆయిల్‌లో నీళ్లు కలిసిన గుర్తు. ఇంకొకదానికి మీటరు నలభై వేలు చూపిస్తుంటే, బ్రేకు పెడల్ రబ్బరు అరిగి ఇనుము బయటపడింది. మూడోది రెండు కార్ల ముక్కలు అతికించిన కారు.

నాలుగోదానికి ఏ లోపమూ లేదు. ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు తెలిసొచ్చింది అతనికి, ఈమె కారు కొనేస్తే తనకిక శుక్రవారం ఉండదని. ఈ ఊళ్లో భర్త లేని ఆడమనిషి పక్కన పరాయి మగవాడు నిలబడాలంటే, ఎదురుగా ఒక కారు బానెట్ ఎత్తి ఉండాలి.

“గేరుబాక్సు మూలుగుతోంది,” అన్నాడు ఆ రోజు.

అది అబద్ధం. ఆ తరవాత అబద్ధాలు సులువయ్యాయి.

ఎర్ర కారును వదిలేసి ఇద్దరూ టీ బండి దగ్గర కూర్చున్నారు. షెహాతా తన గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర వేసుకున్నాడు.

“నాలుగా? మీ ఇంజన్ సంగతి ఎవరు చూస్తారు?” అంది ఇన్సాఫ్.

“దానికి గిరాకీ లేదులెండి. పాతబడిపోయింది.”

“పాతవి కొనడానికేగా సంతకొస్తున్నాను.”

అతను చెంచాతో టీ మళ్లీ కలిపాడు. ఆమె మోకాలు నొక్కుకుంటోంది.

“ఇవాళ ఎలా వచ్చారు?”

“ఎప్పటిలాగే.”

మైక్రోబస్సులో నలుగురి మోచేతుల మధ్య ఇరుక్కుని కూర్చున్న ఆమె అతని కళ్ల ముందు మెదిలింది. వానలు మొదలైతే ఆ కాలువ గట్టు దారి బురద. తన ఒంటరితనం కోసం ఈమె మోకాళ్లు అరగదీస్తున్నాడు. తను తిట్టిపోసే అమ్మకందార్లకన్నా తానేం తక్కువ? సగం టీ వదిలేసి గ్లాసు పక్కన పెట్టాడు.

“ఉస్తా! నీలం కారొకటి వచ్చింది. దీన్ని కూడా చంపు, వచ్చి,” అని కేకేశాడు బయూమీ.

షెహాతా ముందు బానెట్ ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఇంజన్‌ను ముందే వేడెక్కించి పెట్టే మోసం లేదు. తాళం ఒక్కసారి తిప్పగానే అందుకుంది, పొగ లేదు. బోల్టుల మీద పానా పడిన గుర్తు లేదు. టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి. అయస్కాంతం ఎక్కడ పెడితే అక్కడ అతుక్కుంది. కారు కిందికి దూరి చాలాసేపు వెల్లకిలా పడుకున్నాడు. అక్కడ అతను వెతికింది లోపం కోసం కాదు, ఇంకొక అబద్ధం కోసం. నోటికి రాలేదు.

లేచి చేతులు తుడుచుకున్నాడు.

“దీనికి వంక పెట్టేందుకేమీ లేదు, అబ్లా. తీసుకోండి.”

బయూమీ నోరు తెరిచాడు.

ఇన్సాఫ్ నవ్వలేదు. “తీసుకోమంటారా?”

“తీసుకోండి. వానలొస్తున్నాయి.”

“సరిగ్గా చూశారా?”

“నలభై ఏళ్లుగా చూస్తున్నాను.”

ఆమె కారు చుట్టూ నెమ్మదిగా తిరిగింది. అద్దం తుడిచింది. తలుపు తీసింది, వేసింది.

“రంగు నచ్చలేదు.”

“రంగా?”

“నీలం నాకు పడదు.”

ఆమె తలకు చుట్టుకున్నదీ నీలమే. ఆ మాట అనబోయి మింగేశాడు.

“వచ్చే శుక్రవారం చూద్దాం, ఉస్తా. కాస్త పెందరాళే వస్తాను,” అని సంచి భుజానికి తగిలించుకుని, జుమ్మా నమాజుకు కదులుతున్న జనంలో కలిసిపోయింది.

షెహాతా గుండె మీంచి బరువు దిగింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి బయూమీ మీద విరుచుకుపడ్డాడు.

“చూశావా? బంగారంలాంటి కారు. రంగు బాగాలేదట. పన్నెండు వారాలు మట్టిలో పొర్లాను నేను.”

బయూమీ బంపరు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

“ఎందుకా ఇకిలింపు?”

“నాచేత ఒట్టు వేయించుకుంది, ఉస్తా. ఇంక నావల్ల కాదు.”

“ఏమని ఒట్టు?”

“అబ్లా కారు కొని రెండు నెలలైంది.”