మేకలు చూసిన చోటు

మాచర్ల దగ్గరి రాళ్ల క్వారీకి మౌలాలీ కాపలాదారు. ఆ రోజంతా అక్కడ సినిమా షూటింగు జరిగింది. పొడవాటి గెడకి కట్టిన పచ్చ బంతిని చూసి హీరోతో సహా అందరూ హడలిపోయి పరిగెత్తారు.

"ఏందయ్యా, బంతికి అంత భయమా?" అన్నాడు మౌలాలీ.

గెడ పట్టుకోడానికి రోజు కూలికొచ్చిన పిచ్చియ్య నవ్వాడు. "సింహం ఒళ్లు, ఏనుగు తొండం ఉన్న జంతువంట మామా. దాన్ని తర్వాత కంప్యూటర్లో పెడతారంట. దాని కళ్లు ఇంత ఎత్తునుంటయ్యని ఇది గుర్తు."

"మా ఇంటిదానికి, ఖాతూన్ బీకి చెప్పమాక. రాత్రిపూట అన్నం తేవడం మానేస్తది."

చీకటి పడేసరికి గెడా బంతీ వ్యాన్‌లో వేసుకుని అందరూ వెళ్లిపోయారు. క్వారీలో ఇక మౌలాలీ, అతని ఆరు మేకలే.

కాసేపటికి మేకలు నెమరు వేయడం ఆపేశాయి. ఆ నిశ్శబ్దానికే అతను తలెత్తాడు. ఆరూ పగలు పిచ్చియ్య గెడ పట్టుకుని నిలబడ్డ చోటికేసి, సరిగ్గా బంతి ఉన్నంత ఎత్తున, ఖాళీ గాలిలోకి చూస్తున్నాయి. టార్చి వేస్తే వెనక రాతిగోడ తప్ప ఏమీ కనిపించలేదు. అదిలించినా ఒక్క మేకా కదల్లేదు.

అంతలో ఆరు తలలూ కలిసి మెల్లగా బాటవైపు తిరిగాయి. బాట మీద క్యారేజీ గిన్నెల చప్పుడుతో ఖాతూన్ బీ వస్తోంది.

మౌలాలీ కేకేయబోయి ఆగాడు. కేకేస్తే ఆమె ఇటే పరుగెత్తుకొస్తుంది.

మేకల చూపు కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది, బాట మీద ఆమెకి ఎదురుగా నిలబడ్డదేదో దూకడానికి ఒళ్లు వంచుతున్నట్టు.

"ఏమయ్యో, ఉలకవు పలకవు, ఏందంట?" అంటూ ఖాతూన్ బీ అడుగు వేగం పెంచింది.