కింకజూ కాగితం

తప్పులుంటే దిద్దుకొని చదవండి. యాభై దాటినాక బడికి పోయినదాన్ని, అక్షరం నిదానంగా వస్తుంది నాకు. ఈ కాస్త రాసేదానికి పన్నెండు దినాలు పట్టింది.

"ఈపొద్దు కూడా ముట్టల్యాన్నా," అంది ఇంటిపని చేసే ఆంజనమ్మ, చేపముక్కల గిన్నె చూపిస్తూ.

డ్రైవర్ తిమ్మప్ప బోనులోకి తొంగి చూశాడు. బంగారు రంగు బొచ్చు, గుండ్రటి కళ్లు, పొడుగాటి తోక. పిల్లి కాదు, కోతి కాదు. ఎక్కడో వానలు కురిసే అడవుల జంతువట. ఇంటివాళ్లు దాన్ని కింకజూ అనేవాళ్లు. యజమానులు లండన్ పోయి నాలుగు రోజులైంది. దోహాలో, అల్ హిలాల్ విల్లాలో, 1996 వేసవికి మిగిలింది ఈ ముగ్గురే.

పోతూ పోతూ మేడమ్ ఒక్కటే చెప్పింది. "మేం వచ్చేసరికి ఇది బతికుంటే సెప్టెంబరులో నీకు సెలవు. లేదంటే మాఫీ, సెలవు లేదు."

సెప్టెంబరులో రాయచోటిలో ఆంజనమ్మ కూతురికి తొలి కాన్పు.

"దీన్ని సాకే పద్ధతంతా ఇంగిలీషులో రాసిచ్చి పోయిందన్నా. నాకేం తెలుసు? ఇది చస్తే నా బిడ్డ దగ్గర ఎవురుంటారు?" కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏడుపు ఆపు. ఇట్లియ్యి ఆ కాగితం."

తిమ్మప్ప కాగితం పట్టుకొని బోను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కింకజూ కమ్మీకి తోక చుట్టి తలకిందులుగా వేలాడుతోంది.

"చెట్ల మీద బతికేదంట ఇది," అన్నాడు కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకొని. "చేపలు కాదు, పండ్లు పెట్టాలంట."

అరటిపండు పెడితే సగం తినింది.

మర్నాటి నుంచి అదే వరస. కారు తుడిచి వచ్చి, "నిన్న ఏం తినింది? ఏం వదిలింది? ఎప్పుడు లేచింది?" అని లాయరు మాదిరి అడిగేవాడు. అన్నీ విన్నాక కాగితం తీసేవాడు.

"పగలు లేపగూడదంట. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినబడినాక గిన్నె పెట్టాలంట."

"ఇంత చిన్న కాగితంలో ఎంత రాసినారన్నా!"

"ఇంగిలీషు అట్లే ఉంటాదమ్మీ. కొంచెం రాస్తే శానా అర్థం."

ఒకరోజు కింకజూ తిమ్మప్ప టీ గ్లాసులోకి బెత్తెడు నాలుక చాపి అడుగున చక్కెరంతా నాకేసింది. మర్నాడు కాగితంలో తేనె కనబడింది.

"తేనె ఉంటే ముందే చెప్పొచ్చు గదన్నా?"

"కింది వరసలో ఉందమ్మీ. నేనింకా ఆడికి రాలే."

ఆగస్టు చివర మేడమ్ తిరిగొచ్చింది. కింకజూ ఒక్క దూకుతో ఆమె భుజమెక్కింది. ఒళ్లు చేసింది, బొచ్చు నిగనిగలాడుతోంది.

"మబ్రూక్!" అని మెచ్చుకుంది మేడమ్. సెలవు ఖాయమైంది.

యజమాని ఆఫీసు గుమాస్తా ఫరీదుద్దీన్ సెలవు కాగితాలు, ఇంకుప్యాడు తెచ్చాడు. ఆంజనమ్మ వేలిముద్ర వేసింది.

"సాక్షి సంతకం ఒకటి కావాల," అన్నాడు అతను.

"మా అన్న పెడతాడు. ఇంగిలీషులోనే పెడతాడు!" అంది ఆంజనమ్మ గొప్పగా.

ఫరీదుద్దీన్ పెన్ను అందించాడు.

తిమ్మప్ప ఎడమ బొటనవేలు చాపాడు.

— రామసుబ్బమ్మ, కీర్తిశేషులు తిమ్మప్ప భార్యను, అరవై ఏడేళ్లు, ప్రస్తుతం మదనపల్లెలో ఉంటాను.