రొట్టె మీద ఒట్టు

చచ్చిన కోడిని రెక్క పట్టుకుని తెచ్చి ఒస్మోన్ వాకిట్లో దబ్బున పడేసింది జూరకాన్.

"తొమ్మిదోది! కళ్ళారా చూసుకో. నీ కుక్క చేసిన ఘనకార్యం."

ఒస్మోన్ ఉన్ని టోపీ వెనక్కి నెట్టి, కోడి వంకా ఆమె వంకా చూసి నవ్వాడు. ఆ లోయలో అతన్ని మించిన వేటగాడు లేడు. అతని వేటకుక్క బోరోన్‌ని మించిన కుక్కా లేదు. దానికి బదులుగా రెండేళ్ళ గుర్రాన్నిస్తామని వచ్చినవాళ్ళని టీ అయినా పోయకుండా పంపేశాడు. పై వారమే వేటకుక్కల పోటీ.

"నా కుక్క తోడేళ్ళని పట్టేది వదినా. నీ కోళ్ళతో దానికేం పని? ఏ నక్కో వచ్చి ఉంటుంది."

"నక్కయితే కోడిని ఎత్తుకుపోతుంది, పీక కొరికి పారేసి పోదు. ఇంతకీ ఏదీ నీ కుక్క? గొలుసొక్కటే కనిపిస్తోందే?"

ఒస్మోన్ తడబడ్డాడు. "అదా... మా బావమరిది వెంట కొండమీదికి పంపా. నిన్ననే."

"పోటీ అని దాని కడుపు మాడుస్తున్నావు. డొక్కలు ఎండిపోయాయి. ఆకలేసిన కుక్కకి తోడేలైతేనేం, కోడైతేనేం?"

"కడుపు నిండితే అది పరిగెత్తదు. అయినా గుర్రాలంటే సంపద, గొర్రెలంటే సంపద. కోళ్ళు కూడా ఒక సంపదేనా? పో, పులుసు పెట్టుకు తిను."

జూరకాన్‌కి ఒళ్ళు మండిపోయింది. "నీ గుర్రం గుడ్డు పెడుతుందట్రా? మీ అన్న పోయాక ఏడు చలికాలాలు ఆ గుడ్లమీదే నెట్టుకొచ్చా. పదహారు కోళ్ళు ఏడయ్యాయి. ఇవీ పోతే నన్ను మంచు తినమంటావా? మధ్యాహ్నం మా ఇంటికి రా. పెద్దల్ని పిలుస్తున్నా."

"పిలుచుకో! నీకెవడు భయపడతాడు?"

మధ్యాహ్నానికి ముగ్గురు తెల్లగడ్డం పెద్దలూ వచ్చి జూరకాన్ పెరట్లో చెక్క అరుగుమీద కూర్చున్నారు. ఒస్మోన్ అందరికంటే ఆఖర్న, చేతులూపుకుంటూ వచ్చాడు. అందరిలోకీ పెద్దవాడు కాసిమాలి తలుపులోంచి ఇంట్లోకి చూసి ఆశ్చర్యపోయాడు. తివాచీ మీద కోళ్ళు పచార్లు చేస్తున్నాయి.

"అదేం కోడలా, కోళ్ళని నట్టింట్లో పెట్టావు?" అరవై దాటినా జూరకాన్ ఆయనకి ఊరి కోడలే.

"పాకలో చోటు లేదు పెద్దయ్యా," అంది ఆమె గిన్నెల్లో టీ పోస్తూ.

కాసిమాలి గొంతు సవరించుకున్నాడు. "ఊరి కట్టుబాటు మీకు తెలిసిందే. కుక్క కోడిని చంపితే కుక్క యజమాని కోడికో గొర్రెపిల్లని ఇచ్చుకోవాలి. తొమ్మిది కోళ్ళకి తొమ్మిది. కానీ కోడలా, ఊరికే అతనితో గొడవెందుకు? నేను రెండు పెట్టల్నిస్తాను, ఇంతటితో వదిలెయ్."

"దానం అక్కర్లేదు పెద్దయ్యా, న్యాయం కావాలి. అతన్ని రొట్టె పట్టుకుని చెప్పమనండి."

పెద్దలు ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. రొట్టె పట్టుకుని అబద్ధమాడినవాడి ఇంట్లో ఆ ఊరివాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు. ఒస్మోన్ మాత్రం తొమ్మిది గొర్రెపిల్లల మాట విన్నప్పటి నుంచీ కుదురుగా లేడు. ఎవరు చూశారులే అన్న ధీమా అతని మొహంలో జూరకాన్‌కి కనిపిస్తూనే ఉంది.

అతను టీ గిన్నెల పక్కనున్న గుండ్రటి రొట్టె తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. "వదిన కోళ్ళ పాకలో దూరిన కుక్క నాది కాదు. దాన్ని నేనెరగను. అబద్ధమైతే ఈ రొట్టె నా ఉసురు తియ్యనీ!"

"మళ్ళీ చెప్పు. పెద్దయ్యకి చెవుడు."

"నాది కాదు, కాదు, కాదు! చాలా?"

"చాలు."

జూరకాన్ నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి, పాక దగ్గరికి నడిచి తలుపు బార్లా తెరిచింది.

నోట్లో గొర్రె ఎముకతో, ఒళ్ళు విరుచుకుంటూ బోరోన్ బయటికొచ్చింది. కడుపు గుమ్మటంలా ఉంది. ఎండకి కళ్ళు చికిలించి, ఒస్మోన్‌ని చూడగానే ఎముక వదిలేసి ఒక్క ఉరుకున వచ్చి, ముందరికాళ్ళు అతని భుజాలమీద వేసి, గడ్డం నుంచి టోపీ దాకా నాకడం మొదలుపెట్టింది.

కాసిమాలి ఒస్మోన్ చేతిలోని రొట్టెనే చూస్తున్నాడు.

"పొద్దున కోడిని కొరుకుతుంటేనే, మిగతా కోళ్ళని బయటికి తోలి తలుపు మూసేశా," అంది జూరకాన్. "కర్రెత్తి కొడదామనుకున్నా. కానీ ఆ డొక్కలు చూస్తే చేతులు రాలేదు. రెండు గిన్నెల ఎముకల పులుసు తాగింది. తాగాక కోళ్ళు పాక కిటికీ ముందు కొక్కొక్కోమన్నా తలెత్తి చూస్తే ఒట్టు! ఏం ఒస్మోన్, నీకు తెలిసిన కుక్కలా ఉందే?"

ఒస్మోన్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. బోరోన్ అతని చెవి నాకుతోంది.

"తె... తెలీదు."

"గట్టిగా చెప్పు."

"తెలీదన్నాగా! ఎవరిదో!"

జూరకాన్ పాక గుంజకి వేలాడుతున్న కొత్త తాడు తీసి బోరోన్ మెడకి కట్టింది.

"విన్నారుగా పెద్దయ్యా, దిక్కులేని కుక్క. ఇవాళ్టి నుంచి నా కోళ్ళకి కాపలా ఇదే!"