ఊరికో మాట

జగన్నాధం రెండుసార్లు అసెంబ్లీకి నిలబడ్డాడు. రెండుసార్లూ ఓడిపోయాడు. అరవై ఏడులో మూడోసారి నామినేషన్ వేస్తుంటే భార్య సుభద్రమ్మ కర్పూరం వెలిగించి, దాని మీద ఒట్టు వేయించుకుంది. ఈసారి ఓడితే రాజకీయాలు బందు.

అందుకే, సినిమా పబ్లిసిటీలో చేయి తిరిగినవాణ్ణంటూ బెజవాడ నుంచి నరసింగరావు వచ్చి తలుపు తడితే, దేవుడే పంపాడనుకున్నాడు.

“అందరికీ ఒకే మాట చెబితే ఎవరికీ చెప్పనట్టేనండీ. ఊరికో మాట చెప్పాలి,” అన్నాడు నరసింగరావు. ఇస్త్రీ నలగని చొక్కా, ఇస్త్రీ నలగని తెలుగు.

“నిజమే బాబూ. ఇన్నాళ్ళూ నాకీ తెలివి నేకపోనాది,” అన్నాడు జగన్నాధం.

శ్రీకూర్మం దగ్గర చేపలు పట్టేవాళ్ళ వాడల్లో జీపు మైకు నైలాన్ వలల గురించే మాట్లాడింది. వరి పండించే ఊళ్ళలో కాలువ గురించే. వలల సంగతి రైతులకు తెలీదు, కాలువ సంగతి చేపలు పట్టేవాళ్ళకు తెలీదు. రెండుచోట్లా జనం చేతులూపారు. ప్రత్యర్థి గణపతిరావు మొహం వాడిపోయిందని కబురొచ్చింది. జగన్నాధం అప్పుడే ప్రమాణస్వీకారానికి పంచె ఉతికించి పెట్టుకున్నాడు.

ఆఖరి రోజుకి తారురోడ్డు పక్క ఊళ్ళు మిగిలాయి. ఆ రోడ్డు మీద బండెక్కితే దిగాక ఎముకలు సరిచూసుకోవాలి. జగన్నాధం ఇంకెక్కడో సభలో ఉన్నాడు. మైకు నరసింగరావే అందుకున్నాడు.

“జగన్నాధంగారిని గెలిపించండి! మీ ఊరి గుంటలన్నీ పూడ్చేస్తారు! ఒక్క గుంట కూడా మిగలదు!”

బెజవాడలో గుంట అంటే గొయ్యి. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల.

ముందు చేట విసిరింది గురమ్మ. ధాన్యం చెరుగుతున్నదల్లా లేచి వచ్చింది.

“మా గుంటల్ని పూడ్సీస్తాడా? రమ్మను, ముందు ఆణ్ణే పూడ్సీస్తాం!”

“గుంటలంటే గోతులండీ, అమ్మా!” అని నరసింగరావు మైకులో మొత్తుకున్నాడు. వినేవాళ్ళేరీ? జీపు అద్దం పగిలింది. సాయంత్రానికి కబురు సముద్రం దాకా పాకింది. ఆడపిల్లలున్న ఇల్లల్లా గణపతిరావుకే ఓటేసింది.

జగన్నాధం ఓడిపోయాడు. ఒట్టు ఒట్టే. సుభద్రమ్మ మిగిలిన జెండా గుడ్డలతో దిండు గలీబులు కుట్టేసింది. జగన్నాధం మాత్రం నరసింగరావును పల్లెత్తు మాట అనలేదు. తనే బస్సు దాకా వచ్చి సాగనంపాడు.

“మీ తప్పు నేదు బాబూ. మా బాస మీకెలా తెలుస్తాది?” అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, మంచివాడు.

బెజవాడ బస్సు రెండు ఊళ్ళు దాటగానే దిగిపోయిన నరసింగరావు, గణపతిరావు ఇంటి పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ, “అత్తా, ఆకలేస్తన్నాది, ఏటొండినావు?” అని వంటింట్లోకి కేకేశాడు.