నాలుగో నంబరు

టీవీలో పాటల పోటీ. ఆరుగురిలో ముగ్గురు ఇవాళ ఇంటికి పోవాలి. మిగిలిన ముగ్గురూ ఫైనల్‌కి.

"ఆరుగుర్నీ పంపించేస్తే ఓ పనైపోతుంది కదా!" అన్నారు అత్తగారు, టీవీ ఎదురుగా కుర్చీలో కాళ్ళు బారజాపుకుని.

మొన్నమొన్నటిదాకా మూడు నెలల పాటు ఆవిడ మంగళవారం మంగళవారం ఒక్కరే వెళ్ళి మోకాళ్ళకి కరెంటు పెట్టించుకొచ్చారు. మోకాళ్ళ సంగతేమో గానీ నోరు మాత్రం బాగా సాగుతోంది.

కొడుకు లెక్కల మాస్టారు. ఒళ్ళో పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకుని, ఎర్ర పెన్నుతో పిల్లల్ని ఫెయిల్ చేస్తూ, మధ్యమధ్య టీవీ వాళ్ళకీ మార్కులేస్తున్నాడు. ఇంతవరకూ ఎవరూ పాసవలేదు. సరిగమల్లో స ఎక్కడుందో అతనికి తెలీదు. అది వేరే సంగతి.

కోడలు ఒక్కతే నోరు మెదపకుండా చూస్తోంది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తూ రోజంతా కూనిరాగాలు తీసే మనిషి. ఇదే పోటీకి, వచ్చే సీజను కోసం ఫారం నింపి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని పదిహేను రోజులైంది. రేపే ఆఖరి తేదీ. మొగుణ్ణి అడిగితే "అమ్మ ఒప్పుకుంటే నాకేం?" అన్నాడు. అత్తగారిని అడిగితే "నలభై ఏళ్ళు ఈ ఇంట్లో నోరు మూసుకునే బతికాను. నేనేమైనా అరిగిపోయానా?" అన్నారు. చెప్పకుండా వెళ్ళే ధైర్యం కోడలికి లేదు. పాటంటే ప్రాణం, ఇల్లంటే భయం.

ఈ పోటీలో ఓ తమాషా ఉంది. పాడేవాళ్ళు కనబడరు. తెర వెనక నుంచి పాడతారు. పేరుండదు, వయసుండదు, నంబరే. ఫైనల్‌కి ఎక్కినవాళ్ళకి మాత్రం తెర లేస్తుంది.

"ఇదంతా నెల్లాళ్ళ కిందటే తీసేశారు. ఎవరు నిలిచారో పాడినవాళ్ళకి తెలుసు. ఇంట్లో కూడా చెప్పకూడదని రాయించుకుంటారట" అన్నాడు మాస్టారు. "అయిపోయిన పెళ్ళికి మనం బాజాలు."

ఒకటో నంబరు పాడాడు.

"పీక మీద ఎవరో కూర్చున్నట్టున్నారు పాపం" అన్నారు అత్తగారు. మాస్టారు పదికి మూడు వేశాడు.

రెండో నంబరు అమ్మాయి ముక్కుతో పాడింది.

"మరి నోరెందుకూ, తినడానికా?"

మూడో అబ్బాయి పాట మధ్యలో వాళ్ళమ్మని తలుచుకుని ఏడ్చాడు. జడ్జీలూ ఏడ్చారు.

"పాట రాకపోతే ఏడుపు. బాగా మరిగారు!"

నాలుగో నంబరు అందుకోగానే కోడలు ముందుకు జరిగి కూర్చుంది. ఆడగొంతు. కొంచెం జీర. తొందర లేదు. ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట ఇప్పుడు చెబుతున్నట్టుంది. కోడలికి కళ్ళు చెమర్చాయి. రెండు నెలలుగా ఆమె వంటింట్లో పాడుతున్నవన్నీ ఈ నాలుగో నంబరు పాటలే.

"ఇదేం పాటే!" అత్తగారు విరుచుకుపడ్డారు. "రెండో చరణంలో ఊపిరి చాలక మాట మింగేసింది, విన్నావా? పైకి వెళ్ళలేక పక్కనుంచి జారుకుంది. దొంగ! సున్నా వెయ్యరా దానికి."

మాస్టారు వేశాడు. కోడలికి మాట మింగినట్టూ వినబడలేదు, జారుకున్నట్టూ వినబడలేదు. ఒళ్ళు మండిపోయింది. పెళ్ళైన ఆరేళ్ళలో మొదటిసారి అత్తగారికి ఎదురు చెప్పింది.

"ఆవిడ ఫైనల్‌కి వెళ్తారత్తయ్యా. చూస్తూ ఉండండి."

"ఇదా? ఫైనల్‌కా?" అత్తగారు పకపకా నవ్వారు. "సరే, పందెం. అది ఫైనల్‌కి వస్తే నీ ఫారం నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చొస్తాను. రాకపోతే ఇక్కడే, నా కళ్ళముందే చింపెయ్యాలి. మళ్ళీ పాట ఊసెత్తకూడదు."

"అదేం పందెమమ్మా!" అన్నాడు మాస్టారు.

"నువ్వే సాక్షివి. రేపు మాట మార్చావో, చెప్తా నీ పని."

కోడలు ఫారం తీసి బల్ల మీద పెట్టింది. అనవసరంగా నోరు జారానని అప్పుడే బెంగపట్టుకుంది.

అయిదో నంబరూ ఆరో నంబరూ ఏం పాడారో ఎవరూ వినలేదు. మాస్టారు ఇద్దరికీ కలిపి అయిదు వేశాడు.

యాంకరమ్మ వచ్చి "ఫైనల్‌కి వెళ్తున్న మొదటి నంబరు..." అని ఆపింది. సబ్బుల ప్రకటన. ఆ తర్వాత "రెండు!" అంది. తెర లేచింది. ముక్కుపాట పాడింది కాలేజీ పిల్ల. తర్వాత "మూడు!" అంది. తెర లేచేసరికి ఆ అబ్బాయి ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

ఇక ఒక్క చోటే మిగిలింది. మళ్ళీ సబ్బు.

కోడలి ఆశ చచ్చిపోయింది. ఈ ముసలావిడ కళ్ళముందు ఏడవకూడదనుకుంది. తనే ముందు చింపేస్తే సరిపోతుందని ఫారం చేతిలోకి తీసుకుంది. అత్తగారు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఉండవే. ప్రకటన అవనీ."

"మూడో నంబరు కూడా వచ్చేశాక, మన ముగ్గురిలో ఆఖరివారు..." యాంకరమ్మ ఊపిరి బిగబట్టింది. "నాలుగు!"

కోడలు ఎగిరి గంతేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీదు. మాస్టారి ఎర్ర పెన్ను ఏ పిల్లాడి పేపరు మీదో అడ్డంగా గీసుకుపోయింది.

"ఆ జడ్జీలకి చెవుడు" అన్నారు అత్తగారు, ఫారం లాక్కుని చీర కుచ్చెళ్ళ దగ్గర దోపుకుంటూ. "ఏం చేస్తాం! మాటంటే మాటే. పొద్దున్నే ఇచ్చొస్తాను."

"ఎక్కడివ్వాలో మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలుసులే. ముందు టీవీ చూడు."

తెర లేచింది, మైకు ముందు అత్తగారు నిలబడి ఉన్నారు.