బ్లేడు పట్టేంత సందు

ఊడకూడదు. నాలుగింటిలో ఒక్కటి కూడా ఊడకూడదు. పొద్దుటి నుంచి కాసులమ్మ దేవుణ్ణి అడుగుతున్నది అదొక్కటే.

జీడితోట పక్కన పాకలో ఐదేళ్లుగా పడి ఉన్న అంబాసిడర్ మూత ఇవాళ లేచింది. పలాస నుంచి వచ్చిన మెకానిక్కు సోమేశ్వరరావు దాని మీదికి వంగి, ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయిన స్పార్కు ప్లగ్గులతో కుస్తీ పడుతున్నాడు. అతన్ని తెచ్చింది మరిది చిన్నారావు. అత్త జోగమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. మాటిమాటికీ విశాఖ ఆసుపత్రికి తిప్పాలి. అన్నయ్య కారు ఇంట్లో పెట్టుకుని ముసలమ్మని బస్సుల్లో కుదిపి చంపడమేమిటని అతని వాదన. న్యాయమైన వాదనే. అందుకే కాసులమ్మకి కాదనడానికి నోరు రాలేదు.

పాతసామాన్లవాడికి అమ్మేద్దామని మాత్రం ఒకసారి అంది. చిన్నారావు వదిన వంక అదోలా చూశాడు. చూడడూ మరి! ఆ టాక్సీ ఆవిడ మొగుడు వైకుంఠరావు ప్రాణం. ఆయన పోయాక ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.

అసలు సంగతేమిటంటే, ఆ బండిని చంపింది కాసులమ్మే.

ఐదేళ్ల కిందట, తుఫాను రోజు. మధ్యాహ్నానికే గాలి లేచింది. సముద్రం ఒడ్డున గుడిసెలో ఒంటరిగా ఉన్న తల్లిని తెస్తానని వైకుంఠరావు బయల్దేరబోయాడు. కొబ్బరిచెట్లు రోడ్డు మీదికి ఊగుతున్నాయి, కారు తీయొద్దని కాసులమ్మ కాళ్లావేళ్లా పడింది. వింటేనా! ఆయన పశువుల్ని విప్పి, ఇంటికప్పుకి తాళ్లు కట్టేలోపు ఆవిడ పాకలో దూరి నాలుగు ప్లగ్గులూ విప్పేసింది. మొగుడికి పానాలు అందించీ అందించీ ఆ పని ఆవిడకి కొట్టిన పిండే. ప్లగ్గు మొన దగ్గర బ్లేడు పట్టేంత సందుండాలి. నిప్పు పుట్టేది అక్కడే. సన్నికల్లు పొత్రంతో ఒక్కో మొనా కొట్టి, ఆ సందు మూసేసి, మళ్లీ బిగించింది. నిప్పు లేకపోతే బండి లేదు. బండి లేకపోతే మనిషి ఇంట్లోనే ఉంటాడు. పిచ్చిది, అంతవరకే ఆలోచించింది.

ఆయన తాళం తిప్పాడు. ఇంజను గురగురలాడి ఊరుకుంది. దిగి మూత ఎత్తాడు. కాసులమ్మ పొయ్యి దగ్గర ముడుచుకుని కూర్చుంది. చాలాసేపటికి లోపలికి వచ్చి, మసి చేతులు ఆవిడ కొంగుకే తుడుచుకుని, మొహంలోకి చూసి నవ్వాడు.

"నీకంత బయమైతే బండి తియ్యన్లే. నడిసెల్లొత్తాను. సీకటడీలోగా రాకపోతే సిన్నారావుకి తాళాలియ్యి. ఆడు బండేసుకొత్తాడు."

పాపం, ఆయనకేమీ తెలియలేదనుకుంది. కదలని బండికి తాళాలెందుకు?

తల్లిని తుఫాను షెల్టర్‌కి చేర్చి తిరిగి వస్తుంటే కొబ్బరిచెట్టు నడుం మీద పడింది. చీకటి పడుతుండగా చిన్నారావు గుమ్మంలో నిలబడి తాళాలడిగాడు. అది కదలదని చెప్పి పంపేసింది కాసులమ్మ. అతను గాలికి ఎదురు నడవలేక సగం దారిలో వెనక్కి వచ్చాడు. వైకుంఠరావు తెల్లవారేదాకా ఆ చెట్టు కిందే మూలిగాడట. రాత్రికి ఆసుపత్రికి చేర్చుంటే దక్కేవాడని డాక్టరు అన్నాడు.

అప్పటి నుంచి గాలి లేచినప్పుడల్లా పాకలో ఇంజను గురగురలాడి ఊరుకున్నట్టు వినిపిస్తుంది ఆవిడకి. ఎన్నిసార్లు లేచి వెళ్లి చూసిందో! కారు అలాగే ఉండేది. మూత మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు ఆ మొనలు బయటపడితే? కొడుకుని నడిపించి చంపిన మనిషి చేతి కూడే ఇన్నాళ్లూ తిన్నానని జోగమ్మకి తెలిస్తే?

సోమేశ్వరరావు ప్లగ్గుల చుట్టూ ఉన్న ఇసక ఊది, కిరసనాయిలు పోశాడు. మరిగిన నీళ్లు కావాలన్నాడు. కాసులమ్మ గోరువెచ్చటివి తెచ్చింది.

"ఇయ్యి మరగలేదమ్మా," అని వెనక్కి పంపాడు.

రెండోసారి తప్పలేదు. మరిగే నీళ్లలో ముంచిన గుడ్డలు ఇంజను మీద పరిచి, అది వేడెక్కాక పానా తగిలించాడు. మొండిగా లాగితే విరుగుతుందట. ముందు వెంట్రుకవాసి బిగించాలి, తర్వాత వదులు చేయాలి, మళ్లీ బిగించాలి. చిన్నారావు ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు. విరిగిపో, విరిగిపో అని కాసులమ్మ లోపల్లోపల గొణుక్కుంది.

కిర్రుమంది. మొదటిది ఊడింది. గంట తిరిగేసరికి నాలుగూ ఊడి గోనెపట్టా మీద వరసగా పడ్డాయి.

సోమేశ్వరరావు ఒకటి తుడిచి వెలుతురుకి పెట్టి చూశాడు. తర్వాత ఇంకొకటి. కనుబొమలు ముడిపడ్డాయి.

"మొనల మీద ఎవలో దెబ్బేసేరు," అన్నాడు.

చిన్నారావు ముందుకి వంగాడు. కాసులమ్మ పాక రాట పట్టుకుంది. అయిపోయింది, ఇక దాచడానికేమీ లేదు. తనే చెప్పేద్దామని నోరు తెరిచింది.

మెకానిక్కు జేబులోంచి పాత బ్లేడు తీసి, ఒక్కో మొన దగ్గరా పెట్టి చూసి తలెత్తాడు.

"సందు మూసీనట్టు కొట్టింది ఎవలో గాని, ఆ తరవాత మంచి పనోడెవలో నాలుగూ సక్కగా సరిసేసి బిగించేడమ్మా, అప్పుడొక్కపాలి తాళం తిప్పుంటే సాలు, ఈ బండి కదిలిపోవును."